రెండు దేశాల పొదుపును పర్యావరణ నష్టం తీసివేసి పోల్చడం ఎలా: భారత్, ఇండోనేసియా జంటతో సమగ్ర మార్గదర్శి

నెల్లూరు, కావలి, ఒంగోలు కాలేజీల్లో అర్థశాస్త్రం ప్రాజెక్టు రాసే విద్యార్థులు ఏటా అడిగే ప్రశ్న ఇది: దేశం పొదుపులోంచి పర్యావరణ నష్టాన్ని తీసివేసి, ఇంకో దేశంతో పోల్చాలంటే ఏ క్రమంలో పని చేయాలి? చాలామంది ప్రపంచ బ్యాంకు సైటులోంచి ఒకే ఒక్క వరుస దించుకుంటారు. రెండు గీతలు గీస్తారు. ఏ గీత పైన ఉంటే ఆ దేశమే ప్రకృతిని బాగా కాపాడుతోందని రాసేస్తారు. ఆ తీర్పు తప్పయ్యే అవకాశం ఎంత ఎక్కువో ఈ వ్యాసంలోని మూడో భాగం చూస్తే తెలుస్తుంది.

ఈ లెక్క ఉద్దేశం సులువైనదే. పొలంలో పైమట్టిని ఇటుక బట్టీకి అమ్మిన రైతు చేతిలో ఆ ఏడు డబ్బు ఎక్కువగానే కనిపిస్తుంది. కానీ ఆస్తి తరిగింది. దేశం బొగ్గు తవ్వి అమ్మినప్పుడు, గాలిని పాడుచేసుకున్నప్పుడు జరిగే ఆ తరుగును పొదుపులోంచి తీసివేయగా మిగిలేదే సవరించిన నికర పొదుపు. ఇంగ్లీషులో దీన్ని అడ్జస్టెడ్ నెట్ సేవింగ్స్ అంటారు, డేటా వెతికేటప్పుడు ఆ పేరే టైపు చేయాలి.

## 1. మొదలుపెట్టే ముందు

### 1.1 ప్రశ్నను ఒక్క వాక్యంలో బిగించండి

"ఏ దేశం మెరుగు?" అనేది ప్రశ్న కాదు. "2010 నుంచి 2019 వరకు ఈ రెండు దేశాల సవరించిన నికర పొదుపులో తేడా ఎంత, అది ఏ పద్దుల వల్ల వచ్చింది?" అన్నది ప్రశ్న. రెండో సగం లేకపోతే ప్రాజెక్టు రెండు అంకెల దగ్గరే ఆగిపోతుంది.

### 1.2 జంటను కారణంతో ఎంచుకోండి

భారత్‌ను నార్వేతో పోల్చినా లెక్క వస్తుంది, కానీ దానిలోంచి నేర్చుకునేది తక్కువ. ఆదాయంలో మరీ దూరం లేని దేశాలు, లేదా వ్యాపార బంధం ఉన్న దేశాలు తీసుకోండి. మన జిల్లా వాళ్లకు నేను సూచించే జంట భారత్, ఇండోనేసియా. అక్కడ తవ్విన బొగ్గు ఓడల్లో కృష్ణపట్నం పోర్టుకు వస్తుంది, ఇక్కడి థర్మల్ కేంద్రాల్లో మండుతుంది. ఒకే బొగ్గు ముక్క ఒక దేశం ఖాతాలో ఒక పద్దు కింద, ఇంకో దేశం ఖాతాలో ఇంకో పద్దు కింద తీసివేతగా పడుతుంది. ఈ పద్ధతి ఎలా పనిచేస్తుందో చూడడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ మనకు దొరకదు.

### 1.3 దించుకోవలసిన వరుసలు

ప్రపంచ బ్యాంకు నడిపే వరల్డ్ డెవలప్‌మెంట్ ఇండికేటర్స్ అనే డేటాబేస్‌లో ఇవన్నీ ఉచితంగా దొరుకుతాయి. రెండు దేశాలకూ ఒకే రోజున, ఒకే ఫైలులో దించుకోండి. పాత అంకెలను అప్పుడప్పుడు సవరిస్తుంటారు కనుక, ఒక దేశం అంకెలు ఈ నెలవి, ఇంకో దేశానివి పోయిన ఏటివి అయితే పోలిక చెడుతుంది.

- స్థూల జాతీయ పొదుపు
- స్థిర మూలధన తరుగుదల
- విద్యపై వ్యయం
- ఇంధన వనరుల క్షీణత
- ఖనిజాల క్షీణత
- నికర అటవీ క్షీణత
- కార్బన్ డయాక్సైడ్ నష్టం
- ధూళి కణాల నష్టం
- సరిచూసుకోవడానికి, వాళ్లు ప్రకటించిన సవరించిన నికర పొదుపు
- జనాభా, స్థూల జాతీయ ఆదాయం, మొత్తం కార్బన్ డయాక్సైడ్ ఉద్గారాలు

మొదటి తొమ్మిదింటినీ స్థూల జాతీయ ఆదాయంలో, అంటే దేశ ప్రజలకు ఏడాదిలో వచ్చే మొత్తం ఆదాయంలో, శాతంగానే తీసుకోండి. స్థూల పొదుపు అక్కడ రెండు రకాలుగా కనిపిస్తుంది: ఒకటి జాతీయ ఆదాయంలో శాతం, ఇంకొకటి దేశీయోత్పత్తిలో (దేశం లోపల జరిగిన ఉత్పత్తి విలువలో) శాతం. రెండో రకం ఈ లెక్కకు పనికిరాదు. అలాగే సవరించిన నికర పొదుపు కూడా ధూళి కణాల నష్టం కలుపుకుని ఒక వరుసగా, కలపకుండా ఒక వరుసగా ఉంటుంది. ఒక దేశానికి ఒకటి, ఇంకో దేశానికి ఇంకొకటి దించుకున్న ప్రాజెక్టులు తరచుగా కనిపిస్తాయి. వరుస పేరు చివరిదాకా చదవండి.

## 2. లెక్క క్రమం

క్రమం మార్చవద్దు. ప్రతి మెట్టు దగ్గర వచ్చే అంకెకు దానికంటూ అర్థం ఉంది.

1. స్థూల జాతీయ పొదుపుతో, అంటే జాతీయ ఆదాయంలోంచి వినియోగం పోగా మిగిలినదానితో, మొదలుపెట్టండి. విదేశాల నుంచి వచ్చే నికర బదిలీలు ఇందులో కలిసే ఉంటాయి. మన మెట్ట మండలాల నుంచి కువైట్ వెళ్లినవాళ్లు ఇంటికి పంపే డబ్బులో ఖర్చు కాకుండా మిగిలింది భారత్ పొదుపే. ఆ జీతాల వెనుక ఉన్న చమురు తరుగు మాత్రం కువైట్ లెక్కలో పడుతుంది.
2. స్థిర మూలధన తరుగుదల తీసివేయండి. యంత్రాలు, భవనాలు, రోడ్లు పాతబడినంత మేరకు ఇది. మిగిలేది నికర జాతీయ పొదుపు.
3. విద్యావ్యయం కలపండి. మామూలు లెక్కల్లో టీచర్ల జీతాలు వినియోగం కింద పోతాయి. ఇక్కడ వాటిని మనుషుల మీద పెట్టిన పెట్టుబడిగా చూస్తారు.
4. ఇంధనం, ఖనిజాలు, అడవి: ఈ మూడు క్షీణతలనూ తీసివేయండి.
5. కార్బన్ నష్టం, ధూళి కణాల నష్టం తీసివేయండి.
6. వచ్చినదాన్ని ప్రకటిత అంకెతో సరిచూడండి. దశాంశాల సర్దుబాటు మేరకు స్వల్ప తేడా ఉండవచ్చు. అంతకు మించితే సాధారణంగా గుర్తు తప్పి ఉంటుంది. క్షీణతలు, నష్టాలు డేటాబేస్‌లో ధన సంఖ్యలుగానే ఉంటాయి, తీసివేయడం మన పని.

స్ప్రెడ్‌షీటులో ఒక్కో పద్దుకు ఒక్కో అడ్డు వరుస, ఒక్కో ఏటికి ఒక్కో నిలువు వరుస పెట్టండి. రెండు దేశాలకూ వేర్వేరు షీట్లు, మూడో షీటులో తేడాలు. దించుకున్న అంకెల మీద నేరుగా ఏదీ దిద్దవద్దు. నకలు తీసుకుని దాని మీద పనిచేయండి.

## 3. తేడాను పద్దులుగా విడదీయండి

ఈ పని అంతటిలో ప్రాణం ఈ భాగంలో ఉంది. కాబట్టి ఊహించిన అంకెలతో నిదానంగా చేసి చూపిస్తాను. తూర్పు దేశం, పడమటి దేశం అనే రెండు దేశాలు అనుకుందాం. అంకెలన్నీ జాతీయ ఆదాయంలో శాతాలు.

| పద్దు | తూర్పు | పడమర | తూర్పుకు అనుకూలంగా తేడా |
|---|---|---|---|
| స్థూల పొదుపు | 32.0 | 33.0 | −1.0 |
| మూలధన తరుగుదల (−) | 11.0 | 18.0 | +7.0 |
| విద్యావ్యయం (+) | 4.0 | 3.0 | +1.0 |
| ఇంధన క్షీణత (−) | 1.0 | 4.0 | +3.0 |
| ఖనిజ క్షీణత (−) | 0.5 | 1.0 | +0.5 |
| అటవీ క్షీణత (−) | 0.2 | 0.0 | −0.2 |
| కార్బన్ నష్టం (−) | 3.5 | 2.0 | −1.5 |
| ధూళి కణాల నష్టం (−) | 1.2 | 0.6 | −0.6 |
| సవరించిన నికర పొదుపు | 18.6 | 10.4 | +8.2 |

తూర్పు దేశం 8.2 పాయింట్లు ముందుంది. చివరి వరుస ఒక్కటే చూసినవాళ్లు "తూర్పు దేశం పర్యావరణాన్ని కాపాడుకుంటూ ఎదుగుతోంది" అని రాస్తారు. కానీ ఆ 8.2లో 7 పాయింట్లు యంత్రాలు, భవనాల తరుగుదల నుంచి వచ్చాయి. ప్రకృతికి సంబంధించిన అయిదు పద్దులూ కలిపితే తేడా 1.2 మాత్రమే. ఆ అయిదింటిలో మూడింటిలో తూర్పు దేశమే వెనుకబడి ఉంది: అడవి, కార్బన్, గాలి.

అందుకే చివరి నిలువు వరుస లేకుండా ఏ పోలికనూ నేను ఒప్పుకోను. మీ గైడు అడిగినా అడగకపోయినా ఆ వరుస వేయండి. ఆపైన తేడాను మూడు ముద్దలుగా చెప్పండి: పొదుపు అలవాటు, తరుగుదల కలిపి ఎంత, విద్య ఎంత, ప్రకృతి ఎంత. పై ఉదాహరణలో అవి వరుసగా 6.0, 1.0, 1.2.

తరుగుదల పద్దును తేలిగ్గా నమ్మవద్దు కూడా. ఏ ఆస్తి ఎన్నేళ్లు నిలుస్తుందని గణాంక శాఖ అనుకుందో దాని మీద ఈ అంకె నడుస్తుంది. రెండు దేశాలు వేర్వేరు ఆయుష్షు అనుకుంటే, పద్ధతిలోని తేడా పొదుపులోని తేడాలా కనిపిస్తుంది.

## 4. ఒక్కో తీసివేత లోపల ఏముందో చూడండి

### 4.1 ఇంధనం, ఖనిజాలు

ఇంధనంలో బొగ్గు, ముడి చమురు, సహజ వాయువు వస్తాయి. ఖనిజాలు పది: బాక్సైట్, రాగి, బంగారం, ఇనుప ఖనిజం, సీసం, నికెల్, ఫాస్ఫేట్, వెండి, తగరం, జింకు. ఈ జాబితాను గోడకు అంటించుకోండి. చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ అందులో లేదు. నెల్లూరు తీరంలోని సిలికా ఇసుక లేదు, అభ్రకం లేదు, పెన్నా ఇసుక లేదు. చీమకుర్తిలో కొండ పోయి లోయ అయిన చోట నిలబడి చూస్తే కళ్లకు కనిపించే తరుగు, ఈ లెక్కలో సున్నా. రాయి అమ్మగా వచ్చిన ఆదాయం మాత్రం జాతీయ ఆదాయంలో ఉంటుంది.

క్షీణతను ఎలా కడతారో ఒక్కసారి చేతితో చేసి చూడండి. ఒక గనిలో 100 కోట్ల టన్నుల నిల్వ ఉంది, ఏటా 5 కోట్ల టన్నులు తవ్వుతారు. అంటే 20 ఏళ్లకు సరిపడా. అమ్మకపు ధరలోంచి తవ్వకపు ఖర్చు పోగా టన్నుకు 10 డాలర్ల మిగులు. ఏటా మిగులు 50 కోట్ల డాలర్లు. 20 ఏళ్ల మిగులును 4 శాతం రేటుతో నేటి విలువకు తెస్తే సుమారు 680 కోట్ల డాలర్లు. దాన్ని 20తో భాగిస్తే ఆ ఏటి క్షీణత 34 కోట్ల డాలర్లు.

ఇక్కడ మిగులు 50, క్షీణత 34. డేటాబేస్‌లో బొగ్గు మిగులు, చమురు మిగులు రెంట్స్ అన్న పేరుతో వేరే వరుసలుగా ఉంటాయి, అవీ దేశీయోత్పత్తిలో శాతంగా. వాటిని క్షీణతగా పొరబడి దించుకుంటే తీసివేత పెరిగిపోతుంది. నిల్వ ఎంత ఎక్కువ కాలం వస్తుందనుకుంటే ఏటి క్షీణత అంత తగ్గుతుంది. కాబట్టి కొత్త నిల్వలు కనుగొన్న ఏడు, తవ్వకం తగ్గకుండానే ఈ అంకె తగ్గవచ్చు.

ధరల మాట మరింత ముఖ్యం. 2008లో చమురు ధర, 2022లో బొగ్గు ధర ఆకాశానికి వెళ్లాయి. అలాంటి ఏడు, ఒక్క టన్ను అదనంగా తవ్వకపోయినా ఎగుమతి దేశం క్షీణత ఉబ్బిపోతుంది. 2020లో ధరలు పడినప్పుడు దీనికి తిరగబడి జరిగింది. ఇండోనేసియా వంటి బొగ్గు, నికెల్ దేశాన్ని ఒక్క ఏటి అంకెతో తూచడం అన్యాయం.

### 4.2 అడవి

ఇది చాలా ఇరుకైన పద్దు. నరికిన కలప, అడవిలో సహజంగా పెరిగిన కలప కంటే ఎక్కువైతే, ఆ ఎక్కువ భాగానికి మాత్రమే విలువ కడతారు. పెరుగుదలే ఎక్కువైతే సున్నా. జంతువులు, నీటి ఊటలు, నేల పట్టు, అడవి మీద బతికే మనుషులు ఇందులో లేరు. "అటవీ క్షీణత సున్నా కాబట్టి అడవులు క్షేమం" అని ఎన్నడూ రాయవద్దు.

### 4.3 కార్బన్

టన్ను కార్బన్ డయాక్సైడ్‌కు ఇంత నష్టం అని ఒక ధర పెట్టి, ఉద్గారాలతో గుణిస్తారు. 2020లో వెలువడిన టన్నుకు 40 డాలర్లు, అదీ 2017 డాలర్లలో, అన్నది ప్రపంచ బ్యాంకు వాడిన ధరల్లో ఒకటి. అంతకుముందు, 2015లో వెలువడిన టన్నుకు 2014 డాలర్లలో 30 అని పెట్టారు. అందుకే పాత నివేదికలోని అంకెను, కొత్త డేటాబేస్ అంకెను పక్కపక్కన పెట్టకూడదు.

ఈ పద్దును మీరే సుమారుగా సరిచూసుకోవచ్చు. 2019 ప్రాంతంలో భారత్ ఉద్గారాలు సుమారు 250 కోట్ల టన్నులు. 40తో గుణిస్తే 10,000 కోట్ల డాలర్లు. జాతీయ ఆదాయం సుమారు 2.8 లక్షల కోట్ల డాలర్లు. అంటే దాదాపు 3.6 శాతం. ఇండోనేసియా ఉద్గారాలు సుమారు 60 కోట్ల టన్నులు, ఆదాయం సుమారు 1.1 లక్షల కోట్ల డాలర్లు. అంటే దాదాపు 2.2 శాతం. ఇవి చేతి లెక్కలు. డేటాబేస్ అంకె కొంచెం అటూ ఇటూ ఉంటుంది. మీకు 36 అనో 0.36 అనో వస్తే మాత్రం సున్నాల్లో తప్పు జరిగినట్టే.

ఇప్పుడు అవే ఉద్గారాలను జనాభాతో భాగించండి. భారత్‌లో మనిషికి సుమారు 1.8 టన్నులు, ఇండోనేసియాలో సుమారు 2.2 టన్నులు. మనిషి లెక్కన ఎక్కువ వదులుతున్నది ఇండోనేసియా; ఆదాయంలో శాతంగా ఎక్కువ భారం కనిపిస్తున్నది భారత్‌కు. టన్ను ధర ప్రపంచమంతటా ఒకటే డాలర్లలో ఉంటుంది, తలసరి ఆదాయం తక్కువైన దేశానికి ఆ భారం శాతంలో పెద్దదవుతుంది. ఈ రెండు అంకెలనూ కలిపి చెప్పకుండా ఒక్కదాన్నే చెప్పడం పాఠకుడిని దారి తప్పించడమే.

ఇంకొక లోపం ఇండోనేసియాకు మేలు చేస్తుంది. ఈ పద్దులో శిలాజ ఇంధనాలు, సిమెంటు తయారీ నుంచి వచ్చే ఉద్గారాలే ఉంటాయి. 1997లోనూ 2015లోనూ ఆ దేశంలో అడవులు, పీట్ నేలలు (సగం కుళ్లిన మొక్కలతో ఏర్పడిన చిత్తడి నేలలు) తగలబడి పొగ సింగపూర్, మలేసియా దాకా కమ్మింది. ఆ మంటల కార్బన్ ఈ లెక్కలోకి రాదు.

### 4.4 గాలి

బయటి గాలిలోని సన్నని ధూళి కణాలు, కట్టెలు, పిడకల పొయ్యిల వల్ల ఇంట్లో కమ్మే పొగ, నేల మట్టంలోని ఓజోన్: వీటి వల్ల అకాలంగా మరణించినవాళ్లు బతికి ఉంటే సంపాదించేదాన్ని నష్టంగా కడతారు. చనిపోయినవాళ్ల సంపాదన తక్కువైతే నష్టమూ తక్కువగా కనిపిస్తుంది. ఇది నన్ను బాధపెట్టే విషయం, విద్యార్థులు తప్పక రాయవలసిన విషయం కూడా. కూలి పనికి వెళ్లే తల్లి వంటింటి పొగతో ఊపిరితిత్తులు పాడై చనిపోతే, ఆమె ప్రాణం ఈ పద్దులో ఆమె కూలి మేరకే. కాబట్టి ఈ పద్దుతో పాటు గాలి కాలుష్య మరణాల రేటును వేరే పట్టికలో తప్పకుండా ఇవ్వండి.

### 4.5 విద్య

జీతాలు, నిర్వహణ ఖర్చులు ఉంటాయి. భవనాలు, సామగ్రి ఉండవు. ఇది ప్రధానంగా ప్రభుత్వ ఖర్చుల మీద నడిచే అంకె. మన జిల్లాల్లో తల్లిదండ్రులు ప్రైవేటు ఇంటర్ కాలేజీలకు కట్టే ఫీజులు దీనిలో సరిగా ప్రతిఫలించవు. ఒకే శాతం వరుసగా చాలా ఏళ్లు మారకుండా కనిపిస్తే, పాత అంకెనే ముందుకు లాగారేమో అనుమానించండి. అలాంటి ఏళ్లను గుర్తుపెట్టి, విద్య కలిపి ఒకసారి, కలపకుండా ఒకసారి ఫలితం చూపండి.

## 5. ఏళ్లు ఎలా ఎంచుకోవాలి

కనీసం అయిదేళ్ల సగటు తీసుకోండి, వీలైతే పదేళ్లు. 2020 ఒక్కదాన్నే వాడవద్దు. కోవిడ్ ఏట ప్రభుత్వాలు, కుటుంబాలు, గనులు ఏవీ మామూలుగా నడవలేదు. దాన్ని వదిలితే రెండు దేశాలకూ వదలాలి.

భారత్ జాతీయ లెక్కలు ఏప్రిల్ నుంచి మార్చి దాకా, ఇండోనేసియావి జనవరి నుంచి డిసెంబరు దాకా. సగటుల్లో ఈ తేడా పెద్దగా బాధించదు, ఒక్క ఏటి పోలికలో బాధిస్తుంది. ఈ సంగతి పట్టిక కింద రాయండి.

## 6. టన్ను ధర మారిస్తే ఏమవుతుంది

కార్బన్ ధర మీద అర్థశాస్త్రవేత్తలకు ఏకాభిప్రాయం లేదు. కనుక మీ ఫలితం ఆ ఒక్క అంకె మీదే నిలబడిందో లేదో పరీక్షించాలి. మూడో భాగంలోని పట్టికనే తీసుకుని, ధర 40 డాలర్లని అనుకుని, 120కి పెంచుదాం. కార్బన్ నష్టం మూడింతలు: తూర్పుకు 10.5, పడమరకు 6. సవరించిన పొదుపు తూర్పుకు 11.6, పడమరకు 6.4. తేడా 8.2 నుంచి 5.2కు తగ్గింది, ముందు తూర్పు, వెనుక పడమర అన్న వరుస మాత్రం మారలేదు.

ఏ ధర దగ్గర వరుస తారుమారవుతుందో కూడా కనుక్కోవచ్చు. ప్రతి 40 డాలర్ల పెరుగుదలకు తేడా 1.5 పాయింట్లు తగ్గుతోంది. 8.2ను 1.5తో భాగించి, 40తో గుణించి, మొదటి 40 కలపండి: సుమారు 260 డాలర్లు. "టన్ను ధర 260 డాలర్లు దాటితే తప్ప తూర్పు దేశం వెనుకబడదు" అన్న ఈ ఒక్క వాక్యం పది పేజీల వర్ణన కంటే బలమైనది.

## 7. లెక్కకు బయట మిగిలినవాటికి ఒక పేజీ

ఇది వదిలేసిన పోలిక నా దృష్టిలో సగం పని. ప్రతి దేశానికీ, లెక్కలోకి రాని నష్టాలను కనీసం మూడింటిని రాసి, వాటికి దొరికే భౌతిక కొలతను పక్కన పెట్టండి. డాలర్లలోకి మార్చాలని తాపత్రయపడవద్దు. హెక్టార్లు, మీటర్లు, టన్నులు చాలు.

భారత్‌కు మొదట రాయవలసింది భూగర్భ జలం. ప్రపంచంలో భూగర్భ జలాన్ని అందరికంటే ఎక్కువగా తోడుతున్న దేశం మనదే, ఈ పద్ధతిలో దానికి పద్దే లేదు. ప్రకాశం పడమటి మండలాల్లో బోర్లు లోతుకు పోయేకొద్దీ పెరిగే ఖర్చు, ఫ్లోరైడ్ నీళ్లతో వంగిపోయిన కాళ్లు, నెల్లూరు తీరంలో రొయ్యల గుంటల పక్కన ఉప్పుబారిన చేనూ చెలకా: వీటిలో ఏదీ సవరించిన పొదుపును తగ్గించదు. పైగా బోరు వేయించిన ఖర్చు పెట్టుబడిగానే నమోదవుతుంది. కేంద్ర భూగర్భ జల మండలి ప్రాంతాలను సురక్షిత, పాక్షిక సంక్లిష్ట, సంక్లిష్ట, అతి వినియోగ వర్గాలుగా విభజిస్తుంది. ఆ వర్గీకరణను మీ పేజీలో వాడండి. కేంద్ర గణాంక మంత్రిత్వ శాఖ ప్రచురించే ఎన్విస్టాట్స్ ఇండియాలో నేల, నీరు, అడవుల పట్టికలు ఉంటాయి.

ఇండోనేసియాకు మొదట రాయవలసింది పీట్ నేలల మంటలు, అడవి పోయిన విస్తీర్ణం. తరువాత నికెల్ గనుల చుట్టుపక్కల నేల, సముద్ర జలాల కాలుష్యం. 2020 నుంచి ఆ దేశం ముడి నికెల్ ఎగుమతిని నిషేధించి, ఖనిజాన్ని అక్కడే కరిగిస్తోంది. దానితో ఆదాయం, దేశంలో మండే బొగ్గు రెండూ పెరిగాయి. చేపల నిల్వలు రెండు దేశాల జాబితాలోనూ రాయవచ్చు.

కృష్ణపట్నం ఉదాహరణను ఈ పేజీలోనే పెట్టండి. బొగ్గు క్షీణత తవ్విన దేశానికి, కార్బన్ నష్టం మండించిన దేశానికి, ధూళి నష్టం ఆ గాలి పీల్చిన దేశానికి పడుతుంది. ఆ కరెంటుతో తయారైన వస్తువు మూడో దేశానికి ఎగుమతి అయితే, అక్కడ వాడుకున్నవాడి ఖాతాలో ఏమీ పడదు.

## 8. జనాభా పరీక్ష

సవరించిన పొదుపు సున్నా కంటే పైన ఉంటే చాలు అనుకోవడం పొరపాటు. జనాభా పెరుగుతుంటే అదే సంపదను ఎక్కువమంది పంచుకుంటారు. దేశ సంపద జాతీయ ఆదాయానికి 6 రెట్లు, జనాభా ఏటా 1 శాతం పెరుగుతోంది అనుకుంటే, తలసరి సంపద తగ్గకుండా ఉండాలంటే ఆదాయంలో కనీసం 6 శాతం సవరించిన పొదుపు కావాలి. ఈ గీతను రెండు దేశాలకూ వేర్వేరుగా గీయండి.

## 9. తరచుగా జరిగే పొరపాట్లు, సవరణలు

ఒక దేశానికి కొన్ని ఏళ్ల అంకెలు లేకపోవడం. ఖాళీ గడిని సున్నాగా వదలవద్దు, సగటు కూలిపోతుంది. రెండు దేశాలకూ అంకెలున్న ఏళ్లను మాత్రమే సగటులో పెట్టండి.

శాతాల సగటుకూ మొత్తాల సగటుకూ తేడా మరచిపోవడం. ప్రతి ఏటి శాతాన్ని సమానంగా తీసుకున్నారా, డాలర్ల మొత్తాలు కూడి భాగించారా అన్నది స్పష్టంగా చెప్పండి. ఏదైనా ఒక్కటే పాటించండి.

ఎక్కువ పొదుపును పచ్చదనంగా చదవడం. స్థూల పొదుపు భారీగా ఉన్న దేశం ఎంత పొగ వదిలినా చివరి అంకె ధనంగానే రావచ్చు. అడవి పోయినా దానికి బదులు ఫ్యాక్టరీ వస్తే సరిపోతుందనే అంచనా మీద ఈ పద్ధతి నిలబడి ఉంది. పులికాట్ ఎండిపోతే దానికి బదులు ఏ ఫ్యాక్టరీ సరిపోతుంది? ఆ అంచనాను మీరు ఒప్పుకుంటున్నారో లేదో మీ మాటల్లో రాయండి.

గీత కిందికి దిగగానే విధానాన్ని నిందించడం. ముందు ధరలు చూడండి. బొగ్గు, చమురు ధరలు ఆ ఏడు పెరిగి ఉంటే అదే కారణం కావచ్చు.

## 10. అప్పగించే ముందు సరిచూడండి

- [ ] అన్ని వరుసలూ ఒకే రోజు, ఒకే డేటాబేస్ నుంచి దించినవే
- [ ] పొదుపు వరుసలన్నీ జాతీయ ఆదాయంలో శాతమే
- [ ] మిగులు వరుసను క్షీణతగా వాడలేదు
- [ ] నా మొత్తం, ప్రకటిత మొత్తం సరిపోయాయి
- [ ] తేడాను ఎనిమిది పద్దులుగా విడదీశాను
- [ ] కార్బన్ ధర మార్చి చూశాను, తారుమారయ్యే ధర రాశాను
- [ ] లెక్కకు బయట ఉన్న నష్టాల పేజీ ఉంది
- [ ] జనాభా గీత గీశాను

## 11. ఫలితాన్ని రాసే తీరు

విశేషణాలు తగ్గించి, అంకె వెంటనే దాని కారణం చెప్పండి. మన ఊహా దేశాలకైతే ఇలా: "తూర్పు దేశం సవరించిన నికర పొదుపు జాతీయ ఆదాయంలో 18.6 శాతం, పడమటి దేశానిది 10.4 శాతం. 8.2 పాయింట్ల తేడాలో 7 మూలధన తరుగుదల వల్ల వచ్చింది, ప్రకృతి పద్దుల వాటా 1.2. ఇంధన, ఖనిజ తరుగులో తూర్పు మెరుగు. అడవి, కార్బన్, గాలిలో పడమర మెరుగు. టన్ను కార్బన్ ధర సుమారు 260 డాలర్లు దాటేవరకు ఈ వరుస మారదు. భూగర్భ జలం, నేల, చేపల నిల్వలు ఈ లెక్కలో లేవు."

భారత్, ఇండోనేసియాలకు కూడా ఇదే అచ్చులో ఆరు వాక్యాలు రాయండి. మౌఖిక పరీక్షలో మిమ్మల్ని మొదట అడిగేది మూడో షీటు గురించే కాబట్టి, దాన్ని అనుబంధంగా జతచేసి, డేటా దించుకున్న తేదీని పట్టిక కిందనే వేయండి.